వేల్పుల పండుగకు లెక్క చెప్పేదెవరు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: యాసంగి ధాన్యం కల్లం దాటిన నాటి నుంచి మృగశిర కార్తె ప్రవేశించే వరకు పల్లెకు దొరికే తీరిక ఆరేడు వారాలే. ఆ తీరికంతా వేల్పులదే. బీరప్ప, ఎల్లమ్మ, పెద్దమ్మ, పోచమ్మ, ముత్యాలమ్మ, బొడ్రాయి.. పేరు ఏదైనా ఈ మూడు జిల్లాల పల్లెల్లో ఎండాకాలం డోలు దెబ్బతోనే తెల్లవారుతుంది. బతుకుదెరువుకు వెళ్లిన కొడుకులు, అత్తవారింట ఉన్న ఆడబిడ్డలు ఇంటిదారి పడతారు. వేపచెట్టు కింద, చెరువు కట్ట మీద, పొలిమేరలో ఉన్న రాతికి కొత్త పసుపు ఎక్కుతుంది.

ఈ వేల్పులకు ధర్మకర్తల మండలి లేదు. కార్యనిర్వహణాధికారి లేడు. మూలగ్రంథం లేదు, ఆగమశాస్త్రం లేదు, మతకర్త అంతకన్నా లేడు. అయినా లక్షల రూపాయల ఖర్చుతో, వందల కుటుంబాల భాగస్వామ్యంతో పండుగ సాగిపోతోంది. నడిపేది కుల సంఘం. అడవి పల్లెల్లో వడ్డెలు, గూడెం పెద్దలు. తండాల్లో నాయక్, కార్‌భారి. గుడికి ఒక సంఘం ఉండడం లోకరీతి. ఇక్కడ సంఘమే గుడి. రాయి చిన్నదైనా, చుట్టూ గోడ లేకపోయినా సంఘం నిలిచి ఉంటే వేల్పుకు లోటు రాదు. సంఘం చీలితే మాత్రం పండుగ ఆగుతుంది. అలా ఆగిపోయిన చోట ఆరా తీస్తే భక్తి సన్నగిల్లిందన్న మాట అరుదుగా వినిపిస్తుంది. కిందటి పండుగ లెక్క తేలలేదన్న మాటే ఎక్కువ.

పొయ్యి వేరైతే వంతు వేరు

పండుగకు రెండు మూడు నెలల ముందే సంఘం కూర్చుంటుంది. మొదట తేల్చేది తేదీని కాదు, ఈ ఏడు పండుగ చేయగలమా లేదా అన్నదాన్ని. చెరువు నిండిందా, పంట చేతికి వచ్చిందా, కులంలో ఎవరింటనైనా మైల ఉన్నదా అని చూస్తారు. ఏటా జరిగే చిన్న మొక్కుకు ఇంత ఆలోచన అక్కరలేదు. కొన్నేళ్లకోసారి వచ్చే పెద్ద పండుగకే ఈ తర్జనభర్జన.

చేద్దామన్న మాట కుదిరాక ఇంటి వంతు నిర్ణయిస్తారు. ఇక్కడే అసలు చిక్కు. ఇల్లంటే ఏది? ఒకే గడప లోపల అన్నదమ్ములు వేరుగా వండుకుంటే రెండు వంతులా, ఒకటా? పొయ్యి వేరైతే వంతు వేరన్నది చాలా చోట్ల చెల్లే లెక్క. భర్త పోయి చిన్నపిల్లలతో మిగిలిన ఇల్లాలి దగ్గర వంతు అడగాలా? ఇరవై ఏళ్ల కిందట భీవండికో, సూరత్‌కో, హైదరాబాద్‌కో వెళ్లిపోయి ఊళ్లో ఇల్లు కూలిన వాడు సభ్యుడేనా? వెళ్లినవారే వంతుకు మించి ఇవ్వడం నేడు కనిపిస్తున్న సంగతి. పది మందిలో పేరు పిలిస్తే చాలునన్నది వారి కోరిక. ఊరితో వారికి మిగిలిన ముడి అదొక్కటే కావచ్చు.

నూరు గొర్రెలున్న వాడు, పది గొర్రెలున్న వాడు ఒకే వంతు చెల్లించడం పైకి అన్యాయంగానే తోస్తుంది. పెద్దల వాదన వేరు. వంతు సమానమైతేనే మాట సమానమవుతుందని వారంటారు. ఎక్కువ ఇచ్చిన వాడు ఎక్కువ మాట్లాడతాడని వారి అనుభవం. ఆ వాదనలో పస ఉంది. ఎన్నికలు దగ్గరపడిన ఏడాది పండుగ ఖర్చంతా తానే భరిస్తానంటూ ఒక నాయకుడు ముందుకు రావడం, సంఘం సంబరపడి వంతులు రద్దు చేయడం, మర్నాటి నుంచి బోనం మొదట ఎవరి ఇంటి నుంచి కదలాలో కూడా ఆయన మనుషులే చెప్పడం పల్లెలకు కొత్త కాదు. వంతు కట్టని సభ్యుడు అడగడానికి నోరు పెగలదు. దాత సొమ్ము తీసుకోరాదని కాదు. వంతు రద్దు చేయరాదు.

బీరప్ప లగ్గానికి ఎన్ని చేతులు

కురుమల కులవేల్పు బీరప్ప పండుగను చూస్తే నిర్వహణ బరువు అర్థమవుతుంది. పెద్ద పండుగ కొన్ని రోజుల పాటు సాగుతుంది. ఒగ్గు పూజారులకు ముందుగా మాట ఇచ్చి, బయానా ముట్టజెప్పాలి. వారు వచ్చి పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి, కాల్చిన పొట్టు నలుపు.. ఈ పొడులతో నేల మీద గీసే ఆ ముగ్గే వేల్పుకు పీఠం. రాత్రి కథ చెప్పి, బీరప్పకు కామరాతితో లగ్గం జరిపిస్తారు. బోనాలు, బండారి చల్లుకోవడం, డోలు విన్యాసాలు, గావు.. ఒక్కొక్క ఘట్టానికీ ఒక ఇల్లు, ఒక మనిషి, ఒక సామగ్రి ముందే నిర్ణయమై ఉండాలి. ఎవరింటి గొంగడి పరచాలి, ఎవరింటి కుండ ముందు నడవాలి అన్నది వంశపారంపర్యపు హక్కు. అది రాసి ఉండదు. తెలిసిన ముసలాయన పోతే రెండు ఇళ్ల మధ్య తగాదా మొదలు.

ఒగ్గు కథకు జనగామ సీమ పుట్టినిల్లు వంటిది. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కథను పల్లె పందిరి నుంచి జాతీయ వేదికలకు చేర్చి, సంగీత నాటక అకాడమీ పురస్కారం పొంది, 2017లో కన్నుమూశారు. వేదిక మీద గంటలో ముగించే కథకూ, పందిట్లో తెల్లవార్లూ సాగే కథకూ తేడా ఉంది. పందిట్లోది పూజ. అక్కడ కథకుడు కళాకారుడే కాదు, లగ్గం జరిపించే పూజారి కూడా. అందుకే అతనికిచ్చేది కూలి కాదు, కట్నం. దాన్ని బేరం ఆడి తగ్గించే సంఘాన్ని పొరుగూరి కురుమలు తప్పుబడతారు.

తెల్లవార్లూ కథ అనగానే మైకు సంగతి వస్తుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. పండుగల నిమిత్తం అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా అది ఏడాదిలో 15 రోజులకు మించరాదు. మైకు లేని కాలంలోనూ ఒగ్గు కథ ఊరంతా వినిపించింది కనుక దీనివల్ల కథకు వచ్చిన నష్టం లేదు. నష్టమంతా డీజే పెట్టెలు అద్దెకు తెచ్చిన కుర్రకారుకే.

చేపల సొమ్ము, కల్లు సొమ్ము

ఇంటి వంతులతోనే పండుగ గట్టెక్కదు. ప్రతి కులానికీ తన వృత్తిలోనే ఒక ఆదాయపు తావు ఉంది. ముదిరాజుల పెద్దమ్మ పండుగకు చెరువు చేపలు ఆధారం. వేసవిలో చెరువు అడుగంటగానే చేపలు పట్టి, అమ్మిన సొమ్ములో కొంత వేల్పు పేరిట తీసిపెట్టడం పలు గ్రామాల్లో ఆనవాయితీ. గౌడుల ఎల్లమ్మ పండుగ తాటికల్లు పారే రోజుల్లోనే వస్తుంది. మోకు, ముత్తాదులను కడిగి బొట్టు పెట్టి, కల్లు సాక పోసి, చెట్టు మీద తమ ప్రాణం కాయమని వేడుకుంటారు. తాటిచెట్టు నుంచి జారిపడి చనిపోయిన వారు, నడుము విరిగి మంచానపడిన వారు లేని గౌడవాడ అరుదు. ఎల్లమ్మ ముందు నిలబడిన వారి భయం నిజమైనది. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్ కోట నుంచి మొగలు అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్నకూ ఎల్లమ్మే ఇలవేల్పని గౌడులు చెప్పుకుంటారు.

చిక్కు ఎక్కడంటే, చెరువు మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. చెట్టు మీద హక్కు గీత కార్మికుల సహకార సంఘానిది. గొర్రెల కాపరులకూ సహకార సంఘాలున్నాయి. 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ పథకం మొదలైనపుడు లబ్ధిదారుల ఎంపిక ఆ సభ్యత్వం ఆధారంగానే సాగింది. సహకార సంఘం చట్టం కింద నమోదైనది. దానికి ఎన్నిక ఉంది, ఆడిట్ ఉంది. కుల సంఘం కట్టుబాటు మీద నడిచేది. పేర్లు రెండైనా కూర్చునే మనుషులు వారే, పెట్టె ఒకటే. సహకార సంఘపు సొమ్ము నుంచి పండుగకు తీసిన రూపాయి ఆడిట్‌లో అక్రమంగా తేలుతుంది. అధ్యక్షుడు సొంతానికి వాడుకోకపోయినా దోషి అవుతాడు. సభ్యులందరికీ వారి వాటా పంచి, పంచినట్లు సంతకాలు తీసుకుని, ఆ తర్వాత వారి చేతి నుంచి వేల్పు వంతు స్వీకరించడం ఒక్కటే నిరపాయమైన దారి. పని రెట్టింపు. కానీ పోలీసు స్టేషన్ మెట్లు తప్పుతాయి.

పండుగ మీద ఆధారపడిన వారు

ఖర్చు పట్టికలో కళాకారుల పద్దు వద్దకు రాగానే కొత్తతరం సభ్యులు ప్రశ్నలు వేస్తారు. ఎల్లమ్మ కథకు జమిడిక పట్టుకుని బైండ్లవారు రావాలి. ముదిరాజుల ఇళ్లకు కాకిపడిగెలవారు, యాదవులకు మందహెచ్చులవారు, గౌడులకు గౌడజెట్టిలు, పద్మశాలీలకు కూనపులివారు.. ఇలా ఒక్కొక్క కులానికి దాని పుట్టుకథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంది. ఏ ఊరు ఎవరి మిరాశీలోదో వారిలో వారికి పంపకం ఉంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా జనగామ ప్రాంతంలోనే ఉండి, 2016 పునర్విభజనలో సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాశీ చిత్రకారులు బారెడు బట్టల మీద బొమ్మలు వేసింది ఈ కథకుల కోసమే.

మాదిగలకు ఆశ్రితులైన చిందు కళాకారులు గ్రామదేవత పండుగల్లో ఎల్లమ్మ వేషం కట్టడం ఆచారం. జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. పురస్కారం ఒకరికి దక్కింది. మిగతావారి ఏడాది తిండి మాత్రం ఇప్పటికీ ఎండాకాలపు పండుగల్లో ఇచ్చే బియ్యం, బట్టలు, కట్నం మీదనే చాలావరకు ఆధారపడి ఉంది. డీజేకు అడగకుండా ఇచ్చి, బైండ్ల వారి దగ్గర సగానికి సగం కోసే సంఘం తన కథను తానే కోసుకుంటున్నట్లు.

బొడ్రాయి: ఊరంతటి కట్టడి

కులవేల్పుల పండుగ ఒక వాడది. బొడ్రాయి పండుగ ఊరంతటిది. ఊరికి నడిబొడ్డున నాటే ఈ రాయికి ప్రతిష్ఠ జరిగినపుడు, తిరిగి కొలుపు చేసినపుడు అన్ని కులాలూ ఒక్కటిగా కూర్చోవాలి. ఊరి ఆడబిడ్డలందరినీ పిలిచి ఒడిబియ్యం పోస్తారు. ఎనభై ఏళ్ల అవ్వ సైతం ఆ రోజు పుట్టింటి ఆడబిడ్డే. పొలి చల్లే రాత్రి ఊరు కట్టడి: ఉన్నవారు పొలిమేర దాటరాదు, బయటివారు లోపలికి రారాదు. ఆ కట్టడి వేళ ప్రసవవేదన వస్తే, పాము కరిస్తే ఏమిటన్న ప్రశ్నకు పెద్దల వద్ద ముందే జవాబు ఉండాలి. పొలిమేర వద్ద ఒక వాహనం సిద్ధంగా ఉంచి, ప్రాణాపాయానికి కట్టడి వర్తించదని సాటింపు వేయించే ఊళ్లను మెచ్చుకోవాలి.

ఇంటి వంతు ఇక్కడ కుల వంతుగా మారుతుంది. ఏ కులం ఎన్ని ఇళ్లు, ఎంత మొత్తం అని లెక్క వేస్తారు. కుండలు కుమ్మరి, దివిటీలు రజకులు, డప్పు మాదిగలు.. అని పాత పనుల పంపకం కూడా దాని వెంటే వస్తుంది. పని ఇచ్చి మొదటి వరుసలో చోటు ఇవ్వకపోవడం ఇక్కడి పాత గాయం. డప్పు లేకుండా పండుగ కదలదు. డప్పు కొట్టేవాడి ఇంటి బోనం చివర నడవాలనడం ఇంకా పూర్తిగా పోలేదు. డప్పుకు కూలి కట్టిచ్చి, బోనాల వరుసను చీటీలు వేసి నిర్ణయించుకుంటే సరిపోయే విషయమిది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంతో రద్దు చేసింది. దైవకార్యం పేరుతో దాన్ని నిలబెడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది.

గూడెంలో, తండాలో

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం అడవుల్లోనూ, భూపాలపల్లి వైపు గోదావరి తీరపు గూడేల్లోనూ కోయల ఏర్పాటు భిన్నం. కోయలు గట్లుగా విభజితులు. గట్టుకొక వేల్పు, ఆ వేల్పుకు వడ్డె, కథను పాడే డోలివారు, వంశచరిత్రను బొమ్మల్లో చూపే పడిగె. 2022లో పద్మశ్రీ పొంది 2024లో మరణించిన సకిని రామచంద్రయ్య డోలి కోయ గాయకుడే. వేసవి చివర వచ్చే విత్తనాల పండుగ, కోయమాటలో విజ్జ పండుం, వీరికి ముఖ్యం. ప్రతి ఇల్లూ గుప్పెడు విత్తనం వేల్పు ముందు పెట్టి, పూజ ముగిశాక తిరిగి తీసుకుని విత్తనంలో కలుపుకుంటుంది. అంతవరకు దుక్కిలో గింజ పడదు. ఇక్కడ వంతు డబ్బు కాదు, గింజ. ఎవరు ఎంత ఇచ్చారన్న పోటీకే తావు లేదు.

తండాల్లో సీత్లా పండుగ ఆషాఢంలో ఒక మంగళవారం వస్తుంది. ఏడుగురు భవానీలకు ఏడు రాళ్లు, ఎదురుగా లుంకడియా. జొన్నలు, పప్పులు ఉడికించిన గుగ్గిళ్లు నైవేద్యం. పశువుల మందను వేల్పు ముందు నుంచి దాటించడం ప్రధాన ఘట్టం. పశువుకు రోగం రాకూడదన్నదే మొక్కు. నాయక్ మాటే తేదీ. తండాలు గ్రామ పంచాయతీలైన తర్వాత ఒకే తండాలో నాయక్ ఒకరు, సర్పంచ్ మరొకరు అయ్యారు. సీత్లా ముందు ఎవరు నిలబడాలన్న ప్రశ్న అప్పటి నుంచి మొదలైంది.

షెడ్యూల్డు ప్రాంతపు గూడేలకు చట్టం ఇచ్చిన ఒక బలం ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ప్రజల సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక ఉనికిని కాపాడే సామర్థ్యం గ్రామసభది. పండుగ తేదీ, వేల్పు స్థలపు హద్దు, పూజారి వంశం.. వీటిని గ్రామసభ తీర్మానంగా రాయించి పెట్టుకున్న గూడెం రేపు రోడ్డు పనికో, గనికో స్థలం అడిగినపుడు చేతిలో కాగితంతో మాట్లాడగలదు.

పేరు పెద్దదైతే..

చిన్న పండుగ పెద్దదైతే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కరలేదు. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర కోయల వేల్పుల పండుగే. 1996లో రాష్ట్ర పండుగ అయింది. జిల్లాల పునర్విభజనలో భూపాలపల్లిలో, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉంది. రెండేళ్లకోసారి వచ్చే కోటిమందికి రోడ్లు, నీళ్లు, బస్సులు, వైద్యం సమకూర్చడం ఏ కుల సంఘానికీ సాధ్యం కాదు. ఆ పని ప్రభుత్వం చేస్తోంది. హుండీ దేవాదాయ శాఖది. కానీ చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేది కోయ పూజారులే. కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు, మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు కదిలేదీ పూజారుల చేతుల మీదనే. పగిడిద్దరాజుతో పెనక వంశస్థులు అడవి దారిన కాలినడకన వస్తారు. పూజ ఒకరిది, పెట్టె మరొకరిది. ఈ పంపకం ప్రతి జాతరకూ ముందు ఏదో ఒక చర్చకు దారితీస్తూనే ఉంది.

కొమురవెల్లి మల్లన్న మరో ఉదాహరణ. సంక్రాంతి నుంచి ఉగాది వరకు సాగే ఆ జాతరలో పట్నాలు వేసేది ఒగ్గు పూజారులే అయినా ఆలయం దేవాదాయ శాఖ నిర్వహణలో ఉంది. అందరికీ తెరిచిన గుడి, క్రమంగా వచ్చే హుండీ ఆదాయం ఉన్నపుడు 1987 నాటి దేవాదాయ చట్టం తలుపు తట్టడం సహజం. వేపచెట్టు కింది రాతికి సిమెంటు గుడి కట్టి, హుండీ పెట్టి, ముందు శిలాఫలకం మీద దాతల పేర్లు చెక్కించే సంఘాలు ఈ సంగతి ఆలోచించుకున్నట్లు లేదు. గుడి కట్టడం తప్పు కాదు. కట్టేముందు స్థలం ఎవరి పేరిట ఉంది, పూజ హక్కు ఎవరిది, హుండీ ఎవరు తెరుస్తారు అన్నవి రాసుకోకపోవడమే తప్పు.

కట్టుబాటుకు హద్దు

వంతు కట్టని ఇంటిని ఏం చేయాలి? మందలించడం, వచ్చే పండుగకు బాకీగా చూపడం వరకు సంఘం హక్కు. నిప్పు, నీళ్లు బంద్ చేయడం, పెళ్లికి, చావుకు పోరాదని ఆజ్ఞ వేయడం, మాట్లాడిన వారికి జరిమానా విధించడం మాత్రం నేరానికి దారితీసే పని. సాంఘిక బహిష్కరణను ప్రత్యేక నేరంగా పరిగణిస్తూ మహారాష్ట్ర 2016లో చట్టం చేసింది. తెలంగాణలో అటువంటి ప్రత్యేక చట్టం లేకపోయినా బెదిరింపు, అక్రమ వసూలు, నిర్బంధం వంటి నేరాల కింద కేసులు పెట్టే వీలుంది. పండుగ ముగిసి ఆరు నెలలైనా కోర్టు వాయిదాలకు తిరిగే పెద్దమనుషులున్నారంటే మూలం ఈ ఆవేశమే. వంతు కట్టలేని వాడు సాధారణంగా పేదవాడు, లేదా కిందటి లెక్క అడిగి జవాబు దొరకని వాడు. మొదటివాడికి వాయిదా ఇవ్వాలి, రెండోవాడికి లెక్క చూపాలి.

బలి విషయంలోనూ చట్టం ఉంది. 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం బహిరంగ ఆరాధనా స్థలాల్లో, ఊరేగింపుల్లో బలిని నిషేధిస్తోంది. ఊళ్లలో జరుగుతున్నది అందరికీ తెలిసిందే. యాట ఖర్చు సంఘం పద్దులో రాయాలా, మొక్కిన ఇంటివాడి సొంతమా అన్న ప్రశ్న వచ్చినపుడు సంఘాలు మౌనం వహిస్తాయి. గుమ్మడికాయతో, కల్లు సాకతో సరిపెట్టే ఇళ్లూ ఉన్నాయి.

కాగితం మీద సంఘం

సంఘాన్ని నమోదు చేయించడం కష్టమేమీ కాదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆశయాలు, నియమావళి రాసి జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించాలి. ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గ జాబితా, లెక్కలు తప్పనిసరి. బ్యాంకు ఖాతా ఇద్దరు ముగ్గురి సంతకాలతో నడుస్తుంది. వివాదం వస్తే సభ్యులు జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు.

పెద్దలకు జంకు ఉంది. వేల్పును కాగితంలోకి ఎక్కిస్తే కట్టుబాటు పోతుందేమోనని. ఈ జంకు మనకే పరిమితం కాదు. ఐరోపాలో క్రైస్తవానికి మునుపటి వేల్పులను కొలిచే వారు సంఘాలుగా ఏర్పడి ఇదే దారి నడిచారు. ఐస్‌లాండ్‌లో పాత వేల్పుల ఆరాధకులు 1972లో, అక్కడి పంచాంగం ప్రకారం వేసవి తొలి రోజున, సంఘం పెట్టుకుని మరుసటి ఏడాది ప్రభుత్వ గుర్తింపు పొందారు. నమోదైన మత సంఘాలకు అక్కడి ప్రభుత్వం సభ్యుల సంఖ్యను బట్టి సొమ్ము చెల్లిస్తుంది. కనుక సభ్యుల పట్టిక తప్పులు లేకుండా ఉంచడం వారికి అవసరం. లిథువేనియాలోని రోమువ సంఘానికి అక్కడి పార్లమెంటు గుర్తింపు నిరాకరిస్తే, 2021 జూన్‌లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆ నిరాకరణను తప్పుపట్టింది. మన కురుమలు, గౌడులు తమను వేరే మతస్థులుగా భావించరు; హిందువులుగానే రాయించుకుంటారు. ఆదివాసుల్లో మాత్రం జనగణనలో ప్రత్యేక గడి కావాలన్న వాదన బలపడుతోంది. 2011 లెక్కల్లో ఇతర మతాలు, విశ్వాసాల కింద నమోదైన వారు దేశంలో సుమారు 79 లక్షలు. సర్నా పేరిట ప్రత్యేక గడి కోరుతూ జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో తీర్మానం చేసింది.

రిజిస్ట్రేషన్ వద్దనుకున్న సంఘమైనా చేయదగిన పని ఉంది. ఒక గట్టి అట్ట పుస్తకం కొని, మొదటి పుటల్లో ఏ ఘట్టం ఏ ఇంటి హక్కో ముసలివారు ఉండగానే చెప్పించి రాయడం. తర్వాత ఇళ్ల పట్టిక, వంతులు, బాకీలు, దాతల సొమ్ము, ఖర్చు. ఆడవారి సంతకాలు అందులో ఉండాలి. బోనం ఎత్తేది, ఆడబిడ్డలకు వండిపెట్టేది, పండుగ అప్పు తీరేదాకా కూలికి పోయేది వారే. అయినా సంఘం కూర్చున్న చోట వారికి చాప పరిచే ఊళ్లు తక్కువ.

ఆఖరి కూడిక పండుగ మర్నాడు కాదు, పదిహేను రోజులకు పెడతారు. టెంట్ల వారు, కిరాణా వారు తమ చీటీలు తెచ్చే గడువు అది. బాకీలన్నీ తీర్చాక మిగిలిన సొమ్మును సభ్యుల్లోనే అప్పుగా ఇచ్చి, వడ్డీతో సహా మళ్లీ పండుగ నాటికి రాబట్టడం పాత పద్ధతి. వడ్డీ రేటు, జామీను, గడువు ఆ కూడికలోనే, అందరి ఎదుటే ఖాయం కావాలి. పెద్ద గంగాళాలు, జంపఖానాలు, గంటలు ఎవరింట ఉంచారో పేరు, సంఖ్య వేసి ఆ పుస్తకం చివరి పుటలో రాసి, చదివి వినిపించిన తర్వాతే అక్కడి నుంచి లేవాలి.